బాలికలదే పైచేయి, సరే. ఆగస్టులో వాళ్లెక్కడున్నారు?

ప్రతి వేసవిలో పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లన్నిటిలో ఒకటే శీర్షిక: బాలికలదే పైచేయి. ఇంటర్ ఫలితాలకూ అంతే. ఆంధ్రలో, తెలంగాణలో ఏళ్ల తరబడి ఇదే నడుస్తోంది కాబట్టి ఇందులో కొత్త వార్తేమీ లేదు. దీని పక్కన పెట్టి చూడాల్సిన లెక్క ఇంకొకటుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. రెండు లెక్కలూ ఒకే ఊళ్లవి, చాలాసార్లు ఒకే తరగతి గదివి.

కాబట్టి ఆడపిల్లను పిలిచి "బాగా చదువుకో తల్లీ, పైకి రావాలి" అని చెప్పడం పెద్ద ప్రోత్సాహమేమీ కాదు. ఆ పిల్ల చదువుతూనే ఉంది. మార్కులకీ తర్వాతి సీటుకీ మధ్య ఉన్న పనులే ఆమె చేతిలో లేవు. దరఖాస్తు తేదీ సార్‌కి తెలుసు, ఆధార్‌కి లింకైన ఫోను అన్న దగ్గరుంది, ఆప్షన్లు నెట్ సెంటర్ అతను పెడతాడు, డబ్బు సంగతి నాన్న చూసుకుంటాడు. నాయకత్వం అంటూ స్టేజీ ఎక్కించి ఉపన్యాసం నేర్పడం కంటే, ఈ పనులు ఎనిమిదో తరగతి నుంచే ఒక్కొక్కటిగా ఆ పిల్లకే అప్పజెప్పడం ఎక్కువ ఫలితమిస్తుందన్నది ఈ వ్యాసంలో నా వాదన. చదువులో ముందుండటం, నాయకత్వం అని రెండు వేరువేరు కార్యక్రమాలు పెట్టక్కర్లేదు.

ముందు తేదీల సంగతి. ఫలితాలు వచ్చాక ఏం చదవాలో ఆలోచిద్దాం అనుకునే ఇల్లు అప్పటికే సగం దారులు పోగొట్టుకుని ఉంటుంది. పాలిటెక్నిక్‌కి పాలిసెట్, గురుకుల జూనియర్ కాలేజీలకు ఏపీఆర్‌జేసీ, తెలంగాణలో టీజీఆర్‌జేసీ ప్రవేశ పరీక్షలు. వీటి దరఖాస్తులు మామూలుగా పదో తరగతి ఫలితాల కంటే ముందే ముగుస్తాయి. పబ్లిక్ పరీక్షల హడావుడిలో బడి ఉంటుంది, నోటీసు ఎక్కడో బోర్డు మీద ఉంటుంది. ఫలితాల తర్వాత మిగిలేవి ట్రిపుల్ ఐటీలు, ప్రభుత్వ జూనియర్ కాలేజీలు, డబ్బు పెట్టగలిగితే ప్రైవేటు కాలేజీలు. ట్రిపుల్ ఐటీలకు పదో తరగతి మార్కులే ఆధారం. ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, తెలంగాణలో బాసర, కొత్తగా మహబూబ్‌నగర్. ఇంటర్‌లాంటి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే, హాస్టల్‌తో సహా. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు కొంత అదనపు స్కోరు కూడా కలుపుతారు. అయినా అక్కడ సీటు రాకపోతే అన్న ఆలోచన జనవరిలోనే ఉండాలి.

అందుకని పదో తరగతి గదిలో జనవరి నుంచి ఒక గోడ పట్టిక ఉండాలి. నాలుగే నిలువు గడులు: పరీక్ష పేరు, దరఖాస్తు చివరి తేదీ, రుసుము, కావలసిన కాగితాలు. దాన్ని నింపే పని ఇద్దరు విద్యార్థినులది. వారానికోసారి అధికారిక వెబ్‌సైట్లు చూసి మార్పులుంటే దిద్దాలి. టీచరు రాసి అంటిస్తే అది ఇంకో చార్టు అయిపోతుంది, ఎవరూ చదవరు. పిల్లే రాస్తే, తేదీ తప్పితే మిగతావాళ్లు వచ్చి ఆమెనే అడుగుతారు. ఆ అడగడమే మనకు కావాలి.

తర్వాత కాగితాలు. ఇక్కడ జరిగే తప్పులు ఎంత చిన్నవో, అంత ఖరీదైనవి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ ఒకచోట జూన్, ఇంకోచోట జులై. దీన్ని సులువుగా సరిచేసుకునే అవకాశం పదో తరగతి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా, బోర్డుకి పంపే ముందే. ఒకసారి మెమో మీద అచ్చయ్యాక, దిద్దించాలంటే డీఈఓ ఆఫీసు దాకా, అక్కణ్నుంచి బోర్డు దాకా ఫైలు నడవాలి. తొమ్మిదో తరగతి చివర్లో ఒక పీరియడ్ దీనికి కేటాయించండి. ప్రతి పిల్లా తన ఆధార్ జిరాక్స్, బడి అడ్మిషన్ రిజిస్టర్‌లోని తన వివరాలు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకుని, తేడాలు ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాలి. కులం, ఆదాయం ధ్రువపత్రాలు మీసేవలోనో, సచివాలయంలోనో ముందే తీసుకోవాలి. ఆరో తరగతి నుంచి బడి మారినవాళ్లయితే ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, స్థానికత లెక్కకు అది అడుగుతారు. రిజర్వేషన్ లేని కులాల పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం మాత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి ఏప్రిల్ తర్వాత తీసుకున్నదే పనికొస్తుంది.

ఫోను దగ్గర ఇంకో చిక్కు. ఆధార్‌కి లింకైన నంబరు అన్నయ్యది, అన్నయ్య హైదరాబాద్‌లో పనికెళ్లాడు, చివరి తేదీ రాత్రి ఓటీపీ అతని ఫోన్‌కి వస్తుంది, అతను ఎత్తడు. విన్నవాళ్లకు నవ్వొస్తుంది గానీ సీట్లు ఇలాగే పోతాయి. ఇంట్లోనే ఉండే అమ్మ నంబరును పిల్ల ఆధార్‌కి లింక్ చేయించడం ఆధార్ కేంద్రంలో ఒక పూట పని.

డబ్బు విషయంలో పిల్లకు మొదటి అనుభవం ఎన్ఎంఎంఎస్ కావచ్చు, పేదింటి పిల్లలకు ప్రతిభ చూసి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గురుకులాలు, నవోదయల్లాంటి రెసిడెన్షియల్ బడులకు లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50. మేధో సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000 రూపాయలు. బడుల్లో పిల్లల్ని పరీక్షకు తయారుచేయడం మీద ఉన్న శ్రద్ధ, ఆ తర్వాత డబ్బు వచ్చేలా చూడటం మీద ఉండదు. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. ఎక్కువగా జారిపోయేది ఇంటర్ మొదటి ఏడాదిలో, ఎందుకంటే బడి మారింది. పాత బడి బాధ్యత తీరిపోయింది, కొత్త కాలేజీ గుమాస్తాకి ఈ పిల్లకు స్కాలర్‌షిప్ ఉందనే తెలియదు, కాలేజీ తరఫున ఆన్‌లైన్‌లో వెరిఫై చేసేవాళ్లు లేక దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పదిలో 60 శాతం, ఎస్సీ ఎస్టీలైతే 55, తప్పనిసరి. ప్రైవేటు కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఇది చేరకముందే ఇంట్లో తెలియాల్సిన విషయం, చేరాక కాదు.

డబ్బు పడలేదు అని వచ్చే పిల్లల్లో చాలామందికి అసలు సమస్య బ్యాంకులోనే ఉంటుంది. బడిలో తీసిన ఖాతా ఒకటి, తర్వాత అమ్మ డ్వాక్రా బ్యాంకులో తీయించింది ఇంకొకటి. ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకే డబ్బు వెళ్తుంది, పిల్ల మాత్రం పాత పాస్‌బుక్కే పట్టుకుని తిరుగుతుంటుంది. ఏ ఖాతా అనుసంధానమై ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకోమని పిల్లనే పంపండి, తోడుగా అమ్మను పంపండి, మాట్లాడేది మాత్రం పిల్లే. తొమ్మిదో తరగతి పిల్ల బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి తన డబ్బు సంగతి అడిగి జవాబు తెచ్చుకుందంటే, వక్తృత్వ పోటీలో వచ్చిన కప్పు కంటే నేను దానికే ఎక్కువ మార్కులేస్తాను.

ఇప్పుడు బడి లోపలికి వద్దాం. ఆగస్టు పదిహేనుకి ఆడపిల్లలకు ఏ పనులిస్తున్నారో ఒకసారి చూడండి. ముగ్గులు, ప్రార్థన గీతం, అతిథులకు బొకేలు, పళ్లెంలో కుంకుమ. మైకు సెట్ చేయడం, బెంచీలు సర్దించడం, బజారుకెళ్లి సామాను తేవడం, చిల్లర లెక్క చెప్పడం మగపిల్లలవి. అలంకారం ఒకరికి, అధికారం ఇంకొకరికి. క్లాస్ లీడర్‌గా అమ్మాయిని పెట్టినా ఆమె పని మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడమే. దాంతో శత్రువులు పెరుగుతారు తప్ప ఇంకేమీ రాదు.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయిని నిలబెట్టారు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దన్నారు. నెహ్రూ టికెట్ లేకుండా వస్తే ఆయన్నీ ఆపింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిందే చేస్తున్నానంది. చివరికి ఆయనకు టికెట్ కొన్నాకే వదిలింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ధైర్యం గురించి ఈ కథ అందరూ చెబుతారు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ద్వారం. ఎవరో ఆ పిల్లకు నిజమైన పని ఇచ్చారు, నియమం స్పష్టంగా చెప్పారు, ఆమె కాదంటే కాదనే అధికారం ఇచ్చారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కథే లేదు.

మన బడిలో అలాంటి ద్వారం ఎక్కడుంది? మధ్యాహ్న భోజనం దగ్గరుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కేంద్ర నిబంధన ప్రకారం పిల్లకు రోజుకు బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు. ఆ మూడు తరగతుల్లో ఆ రోజు హాజరు 84 అనుకుందాం. 12.6 కిలోల బియ్యం, 2.52 కిలోల పప్పు, 6.3 కిలోల కూరగాయలు, 630 గ్రాముల నూనె. ఉదయం హాజరు తీసుకున్నాక ఇద్దరు అమ్మాయిలు ఈ లెక్క కట్టి, వంటగదిలో తూకం ముందు నిలబడి చూసి, రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. పట్టే సమయం పావుగంట. గణితం టీచరు దశాంశాలు వేరే చెప్పక్కర్లేదు.

ఈ పని ఎక్కడ చెడుతుందో ముందే చెప్పాలి. మొదటి వారంలోనే తూకం తక్కువ వస్తుంది. వంట చేసే అక్కలకు కోపమొస్తుంది: "నిన్నకాక మొన్న పుట్టినదానివి, నాకు లెక్కలు చెబుతావా?" అంటారు. అక్కడ హెడ్మాస్టరు మౌనంగా ఉంటే కథ ముగిసినట్టే. నోరెత్తితే తిట్లు పడతాయని మిగతా ఆడపిల్లలంతా ఆ రోజు పాఠం నేర్చుకుంటారు. అందుకని మొదలుపెట్టే ముందే హెడ్మాస్టరు వంటవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. బిల్లులు ఆలస్యమై వాళ్లు అప్పు చేసి సరుకు తెస్తున్నారేమో అడగాలి, తరచూ అదే కారణం. పిల్లల పని తూకం రాయడం వరకే, వంటవాళ్లను నిలదీయడం కాదు. తేడా ఉంటే కనుక్కోవాల్సింది హెడ్మాస్టరు. ఈ హద్దు గీయకుండా పిల్లల్ని పంపిస్తే అది బాధ్యత ఇవ్వడం కాదు, బలిపెట్టడం.

ఇలాంటివే ఇంకొన్ని: సైన్స్ ల్యాబ్ తాళం, గ్రంథాలయం స్టాక్, క్రీడా సామగ్రి రిజిస్టర్. పదిహేను రోజులకోసారి ఇద్దరిద్దరుగా మారుతూ ఉండాలి, లేకపోతే ఉన్న ఇద్దరు చురుకైన పిల్లలే అన్నీ చేస్తారు, మిగతా నలభై మంది చూస్తూ ఉంటారు. పిల్లల సమావేశాల్లో ఒక జాగ్రత్త: అందమైన చేతిరాత ఉన్న అమ్మాయిని మినిట్స్ రాయడానికి కూర్చోబెట్టడం మానేయండి. రాసే మనిషి మాట్లాడదు. అధ్యక్షత అమ్మాయిది, రాత అబ్బాయిది అయిన సమావేశాలు నెలకు రెండైనా ఉండాలి.

తరగతిలో ప్రశ్న వేశాక మనసులో ఐదు లెక్కపెట్టే దాకా ఎవర్నీ లేపకండి. ప్రశ్న పూర్తికాకముందే అరిచేది సాధారణంగా ముందు వరుసలోని ముగ్గురు నలుగురు అబ్బాయిలు. జవాబు తెలిసీ ఒకసారి సరిచూసుకుంటున్న అమ్మాయికి ఆ ఐదు క్షణాలు చాలు. బడి పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్‌కి ఆలోచనలు పంపేటప్పుడు కూడా అంతే. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. యూట్యూబ్‌లో చూసి టీచరు తయారుచేసిన యంత్రం పక్కన అమ్మాయిని నిలబెట్టి బట్టీ చెప్పిస్తే, జడ్జి వేసే రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ఇంట్లో అమ్మకు రోజూ విసుగు తెప్పించే పని ఏంటని అడిగి అక్కణ్నుంచి మొదలుపెడితే ఆలోచన పిల్లదే అవుతుంది.

మాలావత్ పూర్ణ గురించి తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా గురుకులం పిల్ల. ఫొటో ప్రతి బడి గోడ మీదా ఉంది. ఫొటోలో కనిపించనిది ఆ ముందు జరిగిన మెట్ల వరస: భువనగిరి కొండరాళ్ల మీద మొదటి శిక్షణ, తర్వాత డార్జిలింగ్, తర్వాత లడఖ్ చలి. అంత పెద్ద కొండకు కూడా భువనగిరి నుంచే మొదలుపెట్టారు. మన బడి పిల్లకు భువనగిరి లాంటిది ఏమిటో పెట్టకుండా ఎవరెస్ట్ ఫొటో చూపించి లాభం లేదు.

ఇంటికొస్తే, అసలు వివక్ష గ్రూపు ఎంచుకునే దగ్గర బయటపడుతుంది. అన్నకి కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీ, చెల్లికి "ఇంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే ఉంది కదా కాలేజీ". మార్కులు చెల్లివే ఎక్కువ. ప్రభుత్వ కాలేజీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మంచివి ఉన్నాయి. ఇంటర్ వరకు నడిచే కస్తూర్బా విద్యాలయాలూ ఉన్నాయి. కానీ ఇద్దరు పిల్లలకూ రెండేళ్లలో ఎంత ఖర్చు పెట్టబోతున్నారో ఒక కాగితం మీద పక్కపక్కన రాయమని తండ్రిని అడగండి. నోటితో వాదిస్తే ఒప్పుకోని నాన్నలు, సొంత చేత్తో రాసిన అంకెలు చూసి ఆగి ఆలోచిస్తారు.

గణితం ఇష్టమున్న పిల్లకు, ఇంట్లో డబ్బు లేనప్పుడు, పాలిటెక్నిక్ నిజంగా మంచి దారి. మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు, అమ్మాయిలకే, డిప్లొమాకీ ఉంది, డిగ్రీకీ ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. కొత్త దరఖాస్తు చేరిన మొదటి ఏడాదిలోనే. లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాదిలో. ఆ ఏడాది వదిలేస్తే తర్వాత దరఖాస్తు చేసే వీలుండదు. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన సంతోషంలో చాలామంది దీన్ని మర్చిపోతారు.

కౌన్సెలింగ్ అంటే గుర్తొచ్చింది. ఎంసెట్ అని మనం ఇంకా పిలుచుకునే ఈఏపీసెట్‌లో ప్రతి కేటగిరీలోనూ అమ్మాయిలకు మూడో వంతు సీట్లున్నాయి. ఐఐటీల్లో అమ్మాయిలు పది శాతం కూడా ఉండని రోజుల్లో, 2018లో 14 శాతం వచ్చేలా అదనపు సీట్లు పెట్టారు. 2019కి 17, 2020కి 20 శాతం. ఇవి ఉన్న సీట్లకు పైన కలిపినవి, అబ్బాయిల సీట్లు తీసి ఇచ్చినవి కావు. ఈ ముక్క కాలేజీ లెక్చరర్లకే సరిగా తెలియకపోవడం చూస్తే చిరాకేస్తుంది. ముగింపు ర్యాంకులు, అంటే ఆఖరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో, చూసేటప్పుడు "అమ్మాయిలకు మాత్రమే" అన్న వరస విడిగా ఉంటుంది, దాన్నే చూడాలి. అందరి వరస చూసి "నీ ర్యాంకుకి రాదులే" అని చెప్పేసే సలహాదారులు ఊరికొకరున్నారు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అతని ఇష్టానికి వదలకుండా, ముందురోజు రాత్రి నోటుబుక్కులో పిల్ల తన క్రమం రాసుకుని వెళ్లాలి. వస్తుందో రాదో అన్న లెక్క వేయకుండా, ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరసలో. ఈఏపీసెట్ రెండో విడతలో ఇంకో తిరకాసుంది: అప్పుడు పెట్టిన ఆప్షన్లలో ఏది వచ్చినా చేతిలో ఉన్న పాత సీటు పోతుంది. కాబట్టి పాతదానికంటే నిజంగా మేలైనవే పెట్టాలి. జాతీయ కౌన్సెలింగ్ జోసాలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడుంటాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుంటూ పై ఆప్షన్ ఎక్కడ వచ్చినా వెళ్తాను. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో మంచి బ్రాంచి వస్తే చాలు. ఇంటికి దగ్గర అని మొదటి రౌండ్‌లోనే అమ్మాయిల చేత ఫ్రీజ్ కొట్టించడం మన ఇళ్లలో మామూలు. ఆ బటన్ నొక్కే ముందు కారణం పిల్లే పైకి చెప్పాలి.

బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం. జీరో టికెట్ వచ్చాక ఛార్జీ సమస్య తీరింది. కానీ కాలేజీ నాలుగున్నరకు వదిలి, ల్యాబ్ ఉన్న రోజు ఐదున్నర అయితే, ఊరికి ఆఖరి బస్సు ఐదింటికే ఉంటే, పిల్ల ల్యాబ్ మానేస్తుంది లేదా కాలేజీయే మానేస్తుంది. ఎంతమంది, ఏ స్టాపులు, ఏ రోజులు, ఎన్ని గంటలకు అని రాసి, విద్యార్థినుల సంతకాలతో డిపో మేనేజర్‌కి అర్జీ ఇస్తే సమయం మార్చే అవకాశముంది. "బస్సు సౌకర్యం కల్పించవలసిందిగా" అని ఊరికే రాసిన అర్జీ ఫైల్లో ఉండిపోతుంది.

పెళ్లి మాట వచ్చే ముందు సూచనలు కనిపిస్తాయి. సంక్రాంతి తర్వాత గైర్హాజరు పెరుగుతుంది, ఉన్నట్టుండి టీసీ అడుగుతారు, పిల్ల స్నేహితురాళ్లతో మాట్లాడటం తగ్గిస్తుంది. బడికి తెలిసేది శుభలేఖలు అచ్చయ్యాకే అయితే అప్పటికే ఇంటి పరువు మధ్యలోకి వచ్చేస్తుంది, తండ్రి వెనక్కి తగ్గడు. రెండు రోజులు కారణం లేకుండా రాకపోతే క్లాసులోని అమ్మాయే ఇంటికెళ్లి కనుక్కునే ఏర్పాటు ఉంటే ముందే తెలుస్తుంది. అక్కడితో ఆ పిల్ల పని అయిపోవాలి; ఆ తర్వాత మాట్లాడాల్సింది టీచరు, అంగన్‌వాడీ సూపర్‌వైజరు. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఫోన్ చేసినవాళ్ల పేరు బయటికి రాకుండా చూడాల్సిన బాధ్యత పెద్దలది.

ఇక శీర్షికలో అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే ఆగస్టు రిజిస్టర్. పది పాసైన ప్రతి అమ్మాయి పేరుకీ ఒక వరస: ఎక్కడ చేరింది, ఏ గ్రూపు, హాస్టలా ఇంటి నుంచా, స్కాలర్‌షిప్ రెన్యువల్ అయిందా, చేరకపోతే ఎందుకు. ఇది ఆ బ్యాచ్‌లోనే ఇద్దరు అమ్మాయిలు ఫోన్లు చేసి నింపి బడికి ఇవ్వాలి, టీచరు ఫోన్ చేస్తే చాలా ఇళ్లలో "చేరిందండీ" అని మాత్రమే చెబుతారు. ఖాళీగా మిగిలిన పేర్లకు అక్టోబర్ దాకా ఆగొద్దు. ఓపెన్ స్కూల్ ఇంటర్, ఇంకా మిగిలి ఉన్న ప్రభుత్వ కాలేజీ సీట్లు, ఒకేషనల్ కోర్సులు, ఏ దారి ఇంకా తెరిచి ఉందో తేదీలతో సహా చూసి ఆ వారమే ఇంటికి వెళ్లాలి. మరుసటి జూన్‌లో కొత్త పదో తరగతి తల్లిదండ్రుల సమావేశం మొదలయ్యేది పాస్ శాతంతో కాకుండా ఈ రిజిస్టర్ చదవడంతో అయితే, చదివేది పదో తరగతి అమ్మాయే అయితే, తండ్రులు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.